మామకు దొరికిన పన్నెండేళ్లు

మామ పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను బడిలో ఐదో తరగతి పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతున్నాను. ఆమె చెప్పింది విని నేను అడిగిన మొదటి మాట, "మళ్లీ అదేనా?" అని.

"కాదే, అది కాదు," అంది అత్త. "గుండె. అన్నం తిన్నడు, చెయ్యి కడుక్కున్నడు, కుర్చీల కూసున్నడు. నేను గిన్నెలు లోపల పెట్టి వచ్చేసరికి తల పక్కకు వాల్చిండు. నిద్ర పోతున్నడు అనుకున్న."

ఏడుపు కంటే ముందు నాకు ఊరట కలిగింది. దాచను, అదే నిజం. బీజాపూర్ నుంచి భోపాలపట్నం పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ ఊరటకు సిగ్గుపడ్డాను. చచ్చిపోయిన మనిషి ఇంటికి పోతూ గుండె తేలికపడడమేమిటి అనుకున్నాను. మద్దేడు దాటేసరికి ఆ సిగ్గు కూడా పోయింది. పన్నెండేళ్ల కింద ఒక జబ్బు మా మామను తీసుకుపోవడానికి వచ్చి, ఉత్త చేతులతో తిరిగిపోయింది. అది తిరిగిపోవడం నేను దగ్గరుండి చూశాను. ఇప్పుడు ఆయన కడుపు నిండా తిని, నొప్పి లేకుండా, తన ఇంట్లో, తను చేసుకున్న కుర్చీలో పోయాడు. ఈ నాలుగు మాటలు రాస్తున్నది కూడా ఆ ఊరట గురించి చెప్పడానికే.

మామ మా అమ్మకు తమ్ముడు. వడ్రంగి. భోపాలపట్నంలో పాత ఇళ్లలో దేనికి పోయినా తలుపో కిటికీయో మంచమో, ఏదో ఒకటి ఆయన చేతిది ఉంటుంది. మనిషి పొట్టి, మాట ఇంకా పొట్టి. కానీ ఆ పొట్టి మాటను నాలుగు భాషల్లో ఆడేవాడు. తెలుగులో మొదలుపెట్టిన కబురు హిందీలోకి మళ్లి, దోర్లీలోకి దూకి, గోండీలో నవ్వుగా ముగిసేది. ఆయనకూ అత్తకూ పిల్లలు లేరు. సెలవుల్లో నేను వాళ్లింట్లోనే ఉండేదాన్ని. నన్ను "బిడ్డా" అనే పిలిచేవాడు.

కర్ర తీసుకునే ముందు ఆయన ఉలితో దాని అంచు కొంచెం చెక్కి, ఆ పెచ్చును ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. టేకా, మద్దా, ఏగిసా అన్నది చూస్తే ఎవరైనా చెబుతారు. పచ్చిదో ఎండిందో, లోపల పుచ్చు ఉందో లేదో మామ వాసనతో చెప్పేవాడు. "కంటికి అబద్ధం చెప్పొచ్చు గాని ముక్కుకు చెప్పలేం," అనేవాడు. ఆ ముక్కుకే జబ్బు వచ్చింది.

మొదట ఎడమ వైపు బిగదీసుకుపోయింది. జలుబన్నాడు. తర్వాత అప్పుడప్పుడూ రక్తం కారడం మొదలైంది. వేడి చేసిందన్నాడు. సబ్జా గింజల నీళ్లు తాగాడు, మజ్జిగ తాగాడు, తలకు ఆముదం పెట్టించుకున్నాడు. అలా అయిదారు నెలలు గడిచిపోయాయి. రక్తం వచ్చిన సంగతి అత్తకు తెలియకుండా కింద పడ్డ రంపపు పొట్టుతోనే తుడిచి, ఆ పొట్టును పక్కకు ఊడ్చేసేవాడు. ఒకసారి అత్త ఎర్రటి పొట్టు చూసి అడిగితే, ఏగిస కర్ర రసం అన్నాడు. ఏగిస కోస్తే రక్తం లాంటి రసం కారుతుందన్నది మా వైపు అందరికీ తెలుసు. ఆమె నమ్మింది.

ఇంకోసారి మళ్లీ ఎర్రటి పొట్టు కనిపించింది. అత్త చీపురు పక్కన పెట్టి, బల్ల మీద ఉన్న పలకను చేత్తో తడిమింది. అది టేకు.

"ఏమయ్యా, టేకుకు రక్తం కారుతదా?" అని అడిగింది.

అత్త నాకు ఫోన్ చేసింది. ఆ వారంలోనే జగ్దల్‌పూర్ తీసుకుపోయాము. అక్కడి డాక్టరు సన్నటి గొట్టం ముక్కులోకి పెట్టి చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. అక్కడి నుంచి రాయపూర్. క్యాన్సర్ అని మాకు రాయపూర్‌లో చెప్పారు.

రాయపూర్ పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ మొదట మామ చేతులు చూసింది. ఏం పని చేస్తావని అడిగింది. ఏళ్ల తరబడి గట్టి కర్రల సన్నపొడి పీల్చే వాళ్లకు ఈ రకం క్యాన్సర్ రావచ్చని నిదానంగా చెప్పింది. బయటికి వచ్చాక ఆయన కోపగించుకుంటాడేమో అనుకున్నాను.

"నలభై ఏండ్లు నేను దాన్ని కోసిన," అన్నాడు. "అది నన్ను ఒక్కపారి కోసింది. దాని తప్పేముంది బిడ్డా."

ముందు ఆపరేషన్ చేశారు. ముక్కులో నుంచే పరికరం పెట్టి గడ్డను తీయగలిగినంత తీశారు. మొహం మీద కోత పడలేదు. కానీ ఎముక పక్కన కంటికి కనబడని వేర్లు మిగిలి ఉండవచ్చనీ, రేడియేషన్ తప్పదనీ అన్నారు. మా వైపు రేడియేషన్ అనరు, కరెంటు పెట్టడం అంటారు. మామ ఇంటికి వచ్చిన వారం రోజుల్లో ఊళ్లో సగం మంది వచ్చి భయపెట్టి పోయారు. కరెంటు పెడితే మొహం బొగ్గయిపోతుందన్నారు. మెదడు ఉడికిపోతుందన్నారు. రాయపూర్‌లో మాత్రం అందరూ దాన్ని సికాయీ అంటున్నారు. అంటే కాపడం. ఆ మాట విన్నాక మామ కాస్త ధైర్యం తెచ్చుకున్నాడు. "కాపడమైతే భయమేంది? మీ అత్త మోకాలికి రోజూ పెడుతనే ఉన్న గదా."

అత్త తల్లి అప్పటికి మంచం పట్టి ఉంది. అత్త ఇల్లు కదలలేకపోయింది. నాకు ఉద్యోగం వచ్చి రెండేళ్లు. వేసవి సెలవులు మొదలవుతున్నాయి. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు, ముప్పై సార్లు. నా సెలవులకు సరిగ్గా సరిపోయింది. ఆసుపత్రి వెనక ఉన్న ధర్మశాలలో ఒక గది తీసుకుని మామా నేనూ దిగాము.

మొదలుపెట్టే ముందు డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడింది. నోరు ఎండిపోతుంది, పుళ్లు పడతాయి, వాసన పోతుంది, కొంత రావచ్చు, రాకపోవచ్చు అంది. మామ అన్నిటికీ తల ఊపాడు. ఎడమ కన్ను చాలా దగ్గరగా ఉందనీ, ఎంత కాపాడినా కొన్నేళ్లకు అందులో పొర రావచ్చనీ చెప్పినప్పుడు మాత్రం లేచి నిలబడ్డాడు. "సోచ్‌కే బతాతా హూఁ" అంటూ, ఆలోచించి చెబుతానని బయటికి నడిచాడు.

నేను వెనకే పోయాను. "ఏమైంది మామా?"

"నేను గురి చూసేది ఎడమ కంటితోనే బిడ్డా."

వడ్రంగి పని చూసిన వాళ్లకు ఈ మాట అర్థమవుతుంది. పలకను ఎత్తి, ఒక కన్ను మూసి, రెండో కంటితో అంచు పొడవునా చూస్తారు. వంకర ఎక్కడుందో అప్పుడే తెలుస్తుంది. ఆ కన్ను పోతే ఆయన చేతికి దారి పోయినట్టే. మామ వరండా చివర నిలబడి ఇనుప కటకటాల మీద గడ్డం ఆనించాడు. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో కటకటాల వెంట చివరి దాకా చూశాడు. మళ్లీ చూశాడు. అలా పది నిమిషాలు. అటుగా పోతున్న నర్సు ఆగి వింతగా చూసి పోయింది.

"నాలుగో కమ్మి వంగి ఉంది," అన్నాడు మామ తల ఎత్తి. "ఈ కన్ను గూడ చూస్తది. అలవాటు చెయ్యాలె, అంతే."

లోపలికి వచ్చి సంతకం పెట్టాడు.

రేడియేషన్ ఇచ్చేటప్పుడు తల వెంట్రుక వాసి కూడా కదలకూడదు. అందుకని మొహానికి ఒక మాస్క్ చేస్తారు. తెల్లటి ప్లాస్టిక్ పలకను వేడి నీళ్లలో మెత్తబరిచి మొహం మీద పరుస్తారు. నాలుగైదు నిమిషాల్లో అది చల్లారి, మనిషి మొహం అచ్చుతో వలలాగా గట్టిపడుతుంది. కొందరు అప్పుడే ఊపిరాడటం లేదని లేచిపోతారట. మామ మాత్రం బయటికి వస్తూనే, "కర్రకు ఆవిరి పట్టి వంచినట్టే బిడ్డా, ఏం తేడా లేదు," అన్నాడు సంబరంగా.

రోజూ ఆయన్ను బల్ల మీద పడుకోబెట్టి మాస్క్ బిగించే టెక్నీషియన్ ముప్పై దాటని అమ్మాయి. మామ ఆమెను దీదీ అనేవాడు. గోడల్లో నుంచి ఎర్రటి వెలుగు గీతలు వచ్చి మాస్క్ మీద వేసిన గుర్తులతో కలవాలి. అవి కలిసిన తర్వాతే అందరూ బయటికి వచ్చి తలుపు మూస్తారు. దారం లాగి కర్ర మీద గీత కొట్టడం మామకు వచ్చు కాబట్టి ఆ గీతలంటే ఆయనకు ఎంతో గౌరవం. ఎంత తేడా దాకా పరవాలేదని ఒకరోజు అడిగాడు. "ఒకటి రెండు మిల్లీమీటర్లు బాబా, అంతకు మించితే ఒప్పుకోం," అందామె. ఆ రోజు ధర్మశాలకు నడిచి వస్తూ, "పనిమంతురాలు," అన్నాడు. ఆయన నోట ఆ మాట నేను చాలా తక్కువసార్లు విన్నాను. ఆ గది తలుపు కూడా ఆయనకు బాగా నచ్చింది. జానెడు మందం, లోపల సీసం. "అంత బరువుంది, చప్పుడు చెయ్యకుండ జరుగుతది చూసినవా? బిగించినోడు ఎవడో గాని వాని చేతులు మంచియి."

మూడో వారం దాటాక నవ్వులు తగ్గాయి. ఎడమ చెంప ఎర్రగా కమిలింది. నోటి నిండా పుళ్లు. ఎండ పడకూడదన్నారని గొడుగు కింద తడి తువ్వాలు కప్పి నడిపించేదాన్ని. అన్నం దిగేది కాదు. రాగి జావ, మేము పేజ్ అంటాం, పలచగా కాచి గ్లాసులో ఇస్తే రెండు గుక్కలు తాగి గోడ వైపు తిరిగి పడుకునేవాడు. తిను మామా అని ఒకరోజు గట్టిగా అరిచాను కూడా. ఆయన నా వైపు చూసి, "నీ నోట్ల పెట్టుకొని చూడు," అన్నాడు. అంతకు ముందెప్పుడూ నాతో అలా మాట్లాడలేదు.

నాలుగో వారం శనివారం పొద్దున నేను పాలు తెచ్చేసరికి గదిలో మామ లేడు. సంచీ లేదు. ఫోన్ బంద్. ధర్మశాల కాపలా మనిషిని అడిగితే బస్టాండుకు దారి అడిగి పోయాడన్నాడు. నేను బస్టాండుకు పరుగెత్తాను. జగ్దల్‌పూర్ బస్సు వెళ్లిపోయి గంటయింది. అత్తకు ఫోన్ చేసి చెప్పాను. "వస్తే నేను మళ్లీ పంపిస్తా. ఇంట్ల అడుగు పెట్టనియ్య," అంది. ఏడుస్తూనే అంది. ఆ శనివారమంతా, ఆదివారమంతా భోపాలపట్నం నుంచి కబురు వస్తుందని కూర్చున్నాను. రాలేదు. మధ్యలో ఆపితే ఇప్పటిదాకా పడ్డదంతా వృథా అని డాక్టరమ్మ ముందే చెప్పి ఉంది. సోమవారం ఆమెకు మొహం ఎలా చూపించాలో తెలియక, చెప్పక తప్పదని ఆసుపత్రికి నడిచాను.

మామ అక్కడ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో నంబరు చీటీ. మొహానికి తడి తువ్వాలు. సంచీ కాళ్ల దగ్గర.

నాకు కోపం రాలేదు. పక్కన కూలబడిపోయాను.

"కాంకేర్ దాకా పోయిన," అన్నాడు చిన్న గొంతుతో. "బస్సు ఆగితే దిగి చాయ్ తాగబోయిన. గొంతు దిగలే. ఇంటికి పోయినా దిగదు గదా అనిపించింది. గొంతుకు ఇల్లేంది, రాయపూరేంది?"

"మరి రెండు రోజులు ఎక్కడున్నవ్ మామా?"

"ఆడనే. బస్టాండు పక్కన ఒక కర్ర కోసే సామిల్లు ఉంది. వాళ్లు పండుకోనిచ్చిండ్రు." సంచీ ఒళ్లోకి తీసుకుని అన్నాడు, "సగం కోసి రంపం తీసేస్తే దుంగ దేనికీ పనికిరాదు బిడ్డా. వాళ్లు కోస్తుంటే చూసిన."

ఆ రోజే ఇంకో సంగతి జరిగింది. మాస్క్ బిగించాక దీదీ వెలుగు గీతలు కలిపి, బయటికి పోవడానికి తిరిగింది. మామ చెయ్యి ఎత్తాడట. "దీదీ, ఢీలా హై," వదులుగా ఉందని. ఆమె ఆగి మాస్క్ కింద వేలు పెట్టి చూసింది. వేలు దూరింది. రెండు రోజులు ఏమీ తినక మామ చెంపలు అంతగా లోపలికి పోయాయి. ఆమె వెంటనే డాక్టరమ్మను పిలిచింది. ఆ రోజుకు ఆపి మళ్లీ కొలతలు తీశారు, కొత్త మాస్క్ చేశారు. బయటికి వచ్చాక ఆ అమ్మాయి నాతో హిందీలో, "మీ మామయ్య మా పని కూడా చేసేస్తున్నారు," అని నవ్వింది. మామ గొడుగు కింద నడుస్తూ, "బిగువు తెల్వకపోతే నలభై ఏండ్లు ఏం చేసినట్టు," అన్నాడు. దారిలో కొట్టు దగ్గర ఆగి, రాగి పిండి ఇంకో కిలో తీసుకోమన్నాడు. ఆ పూట గ్లాసెడు పేజ్ తాగాడు. ఒక్కో గుక్కకూ కళ్ల వెంట నీళ్లు కారుతుంటే తుడుచుకుంటూ, గ్లాసు కింద పెట్టకుండా తాగాడు.

ముప్పై పూర్తయ్యాయి. మాస్క్ ఆయనకే ఇచ్చేశారు. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని వచ్చాడు.

ఆ తర్వాత పన్నెండేళ్లు. మొదటి రెండేళ్లు పరీక్షకు పోయి వచ్చిన ప్రతిసారీ అందరం ఊపిరి బిగబట్టేవాళ్లం. తర్వాత తర్వాత అదీ తగ్గింది. పొద్దున లేవగానే గోరువెచ్చని ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం ఆయనకు పళ్లు తోముకున్నంత అలవాటైంది. నోరు ఎండిపోతుందని చేతిలో ఎప్పుడూ నీళ్ల సీసా. కోత పని మొదలుపెడితే ముక్కుకు తడి గుడ్డ. తను కట్టుకోవడమే కాదు, ఊళ్లో ఏ వడ్రంగి గుడ్డ లేకుండా కనిపించినా రంపం లాక్కునేవాడు. పొడి పొట్టును ఊడవనిచ్చేవాడు కాదు. ముందు నీళ్లు చల్లాలి, ఆ తర్వాతే చీపురు. ఎనిమిదో ఏట డాక్టరమ్మ చెప్పినట్టే ఎడమ కంటికి పొర వచ్చింది. అప్పటికి కుడి కన్ను పని నేర్చుకుని ఉంది.

వాసన మాత్రం మొదట్లో పూర్తిగా పోయింది. కర్ర పెచ్చు చెక్కి ముక్కు దగ్గరికి తీసుకుపోయి, గుర్తొచ్చి కింద పడేయడం నేను చూశాను. దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. చికిత్స అయిన రెండో ఏడు ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. మామ అరుస్తున్నాడు.

"బిడ్డా, పప్పు మాడింది! మీ అత్త పప్పు మాడబెట్టింది!"

"అయితే ఏంది మామా?"

"నాకు వాసన వచ్చింది! నేను బయట ఉన్న. నాకే ముందు తెలిసింది!"

వెనక నుంచి అత్త గొంతు వినిపించింది. "ఊరంతా చెప్పు, నేను పప్పు మాడబెట్టిన అని." తిడుతోందో నవ్వుతోందో తెలియలేదు. టేకు వాసన, ఇప్పపువ్వు వాసన మళ్లీ రాలేదు. మాడు వాసన, పొగ వాసన మాత్రం వచ్చాయి. ఆయనకు అవే చాలా గొప్పగా అనిపించాయి.

ఆవపల్లి దగ్గరి ఒక రైతు సంగతి కూడా చెప్పాలి. ఆయనకూ ముక్కులోనే జబ్బు. కరెంటు పెడితే కాలిపోతానని, రాయపూర్ దాకా పోయి పారిపోయి వచ్చాడు. ఎవరో చెబితే విని ఆయన కూతురు మామ దగ్గరికి తీసుకువచ్చింది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. మామ ఆయనకు స్టూలు వేసి, గోండీలో మాట్లాడుతూ, ఆ మాస్క్ తెచ్చి ఆయన చేతికిచ్చాడు. తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని తన ఎడమ చెంప మీద పెట్టుకున్నాడు. గట్టిగా నొక్కించాడు. ఏమన్నాడని తర్వాత అడిగితే చెప్పాడు: "కాలిందో లేదో నువ్వే చూడు అన్న. ఇంకా, పారిపోయినోనివి నువ్వొక్కనివే కాదు, నేను గూడ కాంకేర్ దాకా పోయిన అని చెప్పిన." ఆ రైతు తర్వాతి వారమే చికిత్సకు రాయపూర్ వెళ్లాడు. ఇప్పుడు మామను కాటికి తీసుకుపోయే రోజు సైకిల్ మీద వచ్చాడు. ఆవపల్లి నుంచి అంత దూరం ఎప్పుడు బయల్దేరాడో. పాడెకు భుజం పట్టి, అలవాటైన మనిషిలా తన జేబులోంచి నీళ్ల సీసా తీసి ఒక గుక్క తాగి, మళ్లీ భుజం పట్టాడు. ఆయన్ను చూస్తే నాకు ఏడుపు వచ్చింది. అప్పటిదాకా రాలేదు.

పదో రోజు కార్యం అయిపోయింది. చుట్టాలందరూ వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున నేను బస్సుకు సంచీ సర్దుకుని పెరట్లోకి వస్తే, మామ గోడకు ఆనించి ఎండబెట్టిన పచ్చి మద్ది పలకల దగ్గర అత్త నిలబడి ఉంది. ఒక్కో పలకనూ రెండు చేతులతో పట్టుకుని, నేల మీద ఆనించి, నెమ్మదిగా తిప్పి, రెండో వైపు ఎండకు పెడుతోంది.

"ఎవరి కోసం అత్తా?" అన్నాను.

"ఎవరి కోసమో ఏమో. ఒక్క దిక్కే ఎండితే వంకర పోతయి," అంది వెనక్కి తిరగకుండా, ఇంకో పలక అందుకుంటూ.